మా సంఘం వాట్సాప్ గ్రూపు దారికొచ్చిందిలా

సింగరాయకొండ దగ్గర మా ఊరు. మా క్రైస్తవ సంఘంలో సగం ఇళ్ల పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటారు. అందరినీ కలిపేది ఒక్క వాట్సాప్ గ్రూపే. అందులో తెల్లారితే పూల బొమ్మలు, ఫార్వర్డులు, ఎవరిదో స్థలం అమ్మకం. వాటి కింద ఒక అక్క ఆపరేషన్ గురించి పెట్టిన ప్రార్థన మనవి ఎవరి కంటా పడలేదు.

మా పాస్టరు అయ్యగారిని అడిగి, వాట్సాప్‌లో 2022లో వచ్చిన కమ్యూనిటీ సౌకర్యం తెరిచాను. కొన్ని గ్రూపులను ఒకే గొడుగు కిందికి తెచ్చేది అది. ప్రకటనల గ్రూపులో అడ్మిన్లే రాయగలరు: కూటం టైము, పెళ్లి, భూస్థాపన, అంతే. ప్రార్థన మనవులకు వేరే గ్రూపు. పూల బొమ్మలకూ ఒకటి వదిలేశాం, మూస్తే పెద్దాళ్లు అలుగుతారు! ఒకే మెసేజీని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మాకు పనికిరాదు. పంపేవాళ్ల నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది.

అసలు తేడా తెచ్చింది వాయిస్ మెసేజీ. స్త్రీల సమాజంలో చదువు రాని అమ్మలు చాలామంది. అయ్యగారు నిమిషంలోపు తన గొంతుతో చెబితే వింటారు, వాళ్లూ మాట్లాడి పంపుతారు. బటన్ ఫోనువాళ్లకు వీధికొక కుర్రాడు ఇంటికెళ్లి చెబుతాడు. జబ్బు వివరాలు ఇంటివాళ్లు సరేనంటేనే పెడతాం.

బుధవారం ప్రార్థన గూగుల్ మీట్‌లో. ముగ్గురు, అంతకుమించి ఉంటే ఉచిత ఖాతాకు గంటే గడువు. పాటలు సాగదీసే మా వాళ్లకు అదీ మంచిదే. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు మైకు ఆపాలి, లేకపోతే నెట్ ఆలస్యానికి గొంతులు ముందువెనకలవుతాయి. ఆదివారం ఆరాధన మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టలేదు. ఊళ్లో ఉన్నవాళ్లు మందిరానికే రావాలని అయ్యగారి పట్టు, నాదీ అదే మాట.