గాలిగంటల తయారీ - నాలుగో పాఠం: బెజ్జం ఎక్కడ పెట్టాలి?

మూడో పాఠం చదివి, గాలికి ఊగి మోగే ఈ గంటల కోసం లోహపు గొట్టాలు కోసినవారిలో చాలామంది ఒకటే మాట రాశారు: ‘మోగడం లేదు, టక్కుమంటోంది’. అందుకే గాలిరేకు (గాలిని పట్టి గంటను ఊపే రేకు) సంగతి వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను.

దేవరకొండ నుంచి ఒకరు ఫోటో పంపారు. గొట్టం మంచిదే. కిటికీలు చేసే దుకాణంలో మిగిలిన అంగుళం అల్యూమినియం, కోత నున్నగా ఉంది. కానీ బెజ్జం కొసకు ఆనుకొని ఉంది. అందులో ఇనుప తీగ దూర్చి మెలితిప్పి బిగించారు. దయచేసి కొసన బెజ్జం పెట్టవద్దు. తట్టినప్పుడు గొట్టం విల్లులా వంగుతుంది. నడుము ఒకవైపు పోతే కొసలు రెండూ మరోవైపు పోతాయి. నడుముకూ కొసలకూ మధ్య కదలని చోట్లు రెండే ఉంటాయి. ఒక్కో కొస నుంచి పొడవులో 22.4 శాతం దూరాన. దారం అక్కడ కడితే నాదానికి అడ్డు రాదు. కొసన బిగిస్తే బాగా ఊగే చోటునే నొక్కిపట్టినట్టవుతుంది.

నమ్మకం కుదరకపోతే మీ వేళ్లనే అడగండి. గొట్టాన్ని కొస దగ్గర రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకొని, నడుము మీద చెక్క గరిటెతో తట్టండి. వేళ్లను కొద్దికొద్దిగా కిందికి జరుపుతూ మళ్లీ తట్టండి. ఒకచోట వేళ్లకు అదురు తెలియదు, నాదం మాత్రం సాగుతూనే ఉంటుంది. 60 సెంటీమీటర్ల గొట్టానికి ఆ చోటు 13.4 దగ్గర దొరుకుతుంది. గుర్తు పెట్టుకోండి, ఇంకా డ్రిల్లు పట్టవద్దు.

జడ్చర్ల నుంచి మరొకరు పై షడ్జం (ఒక స్థాయి పైనుండే ‘స’) కోసం గొట్టాన్ని సగానికి కోశారు. ఆ లెక్క తీగకు చెల్లుతుంది, వేలాడే గొట్టానికి చెల్లదు. సగం చేస్తే శ్రుతి రెండు స్థాయిలు పైకి పోతుంది. 60 సెంటీమీటర్ల గొట్టం షడ్జమైతే పై షడ్జానికి 42.4 సెంటీమీటర్లు. నాకు మోహన రాగమే ఇష్టం. గాలి ఏ గొట్టాన్ని ముందు తాకుతుందో తెలియదు, ఆ అయిదు స్వరాలు ఏ వరుసలో పలికినా వినసొంపుగా ఉంటాయి. స రి గ ప ద లకు 60, 56.6, 53.7, 49, 46.5 సెంటీమీటర్లు. అన్నీ ఒకే మందం, ఒకే లావు గొట్టంలోంచే కోయాలి.

రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా కోసి, ఆకురాయితో కొస అరగదీస్తూ శ్రుతి పైకి తెచ్చుకోండి. అది కుదిరాకే బెజ్జం. దాని అంచులు కూడా నునుపు చేయకపోతే దారం నెలలోనే తెగుతుంది. నాగార్జునసాగర్‌లో చేపలు పట్టేవారు గాలానికి వాడే నైలాన్ దారమే నేను వాడతాను. నూలు దారం వానకు నానుతుంది.

అభ్యాసం: షడ్జం 45 సెంటీమీటర్లు అనుకొని మిగతా నాలుగు పొడవులు కట్టండి. షడ్జం కంపన వేగంతో పోలిస్తే రి గ ప ద ల నిష్పత్తులు వరుసగా 9/8, 5/4, 3/2, 5/3. షడ్జం పొడవును నిష్పత్తి వర్గమూలంతో భాగించాలి. తర్వాత అయిదు గొట్టాలకూ రెండు వైపులా, అంటే పది చోట్ల, కదలని బిందువును ముందు వేళ్లతో వెతికి, ఆ పైన స్కేలుతో సరిచూడండి. తేడా అర సెంటీమీటరు దాటితే మళ్లీ వెతకండి.