ఘర్షణ వేగం: పేరు చూసి మోసపోకండి

ఘర్షణ వేగమంటే ప్రవాహంలో ఏదో పొరను కొలిచి చెప్పిన వేగం కాదు. గోడ మీది షియర్ స్ట్రెస్‌ను (ప్రవాహం రాసుకుంటూ పోతూ గోడ మీద ప్రతి చదరపు మీటరుకు చూపే లాగుడు బలం) సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్య. పేరు పెట్టినవాళ్లు కాస్త తికమక పెట్టారు!

కంప్యూటర్‌లో ప్రవాహాన్ని లెక్కించడానికి మెష్ (ఆ చోటును చిన్న గడులుగా విడగొట్టే వల) తయారుచేసే ముందు దీన్ని నోటిలెక్కగా అంచనా వేసుకోండి. నునుపైన గోడ పక్కన కల్లోల ప్రవాహమైతే, ప్రధాన వేగంలో సుమారు 25వ వంతు వేసుకుంటే మొదలుపెట్టడానికి చాలు. నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 0.08 మీటర్లు వస్తుంది. నీటి కైనమాటిక్ స్నిగ్ధతను (జిగటతనాన్ని సాంద్రతతో భాగించిన విలువ; సెకనుకు 0.000001 చదరపు మీటర్లు) దానితో భాగిస్తే దాదాపు 12 మైక్రాన్లు. వై ప్లస్ (గోడ నుంచి దూరాన్ని ఈ పొడవుతో భాగించిన సంఖ్య) 1 కావాలంటే మొదటి గడి మధ్యబిందువు గోడకు అంత దగ్గరగా ఉండాలి.

ప్రవాహం గోడను విడిచిపోయే చోట షియర్ స్ట్రెస్ సున్నా అవుతుంది. అక్కడ ఈ కొలబద్దను నమ్మకండి.