ఊరి ప్రణాళికకు ముందు నీటి దారి: ప్లానింగ్ విద్యార్థులకు క్షేత్ర సూచనలు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లోని ఒక చిన్న ఊరికో, పట్టణంలోని ఒక వార్డుకో ప్రణాళిక తయారుచేయడానికి వెళ్లే ఆర్కిటెక్చర్, ప్లానింగ్, సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు మొదట నీటి దారిని గీయాలి. పార్కు, కమ్యూనిటీ హాలు, బస్టాండు అన్నీ ఆ తరువాతి సంగతి. ఇక్కడి ఊళ్లు గొలుసుకట్టు చెరువుల వెంట పెరిగినవి కాబట్టి, ఒక చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరే కాలువ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ కాలువ పూడిపోయి ప్లాట్లుగా మారిన చోటనే వానాకాలంలో వీధులు మునుగుతాయి, కింది చెరువు నిండక ఎండాకాలంలో బోర్లు ఎండుతాయి.

బయలుదేరే ముందు మీ కళాశాల ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఉందేమో కనుక్కోండి. 2014లో మొదలైన ఆ కార్యక్రమం కింద ఒక్కో విద్యాసంస్థ కనీసం ఐదు గ్రామాలను దత్తత తీసుకుంటుంది గనుక పంచాయతీతో పరిచయం సులువవుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చే బృందాలు నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం నుంచో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం నుంచో ఇద్దరు ముగ్గురిని కలుపుకోవడం మంచిది. ఊరి మాట, ఊరి మర్యాద తెలిసినవారు వెంట లేకపోతే సగం విషయాలు బయటికి రావు. గ్రామ నక్షను సంపాదించి, అందులోని చెరువు శిఖం (నీళ్లు నిలిచే చెరువు భూమి), వాగు, కాలువ, బండ్ల బాట గుర్తులను ఇస్రో వారి భువన్ వెబ్‌సైటులోని ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూడండి. నక్షలో ఉండి చిత్రంలో కనిపించని ప్రతి గీతా మీరు నడిచి చూడవలసిన చోటే.

ఆ నడకకు ఊరి నీరటిని, అంటే చెరువు నీళ్లను పొలాలకు వదిలే మనిషిని, నీరటి లేకపోతే చెరువు కింద సేద్యం చేసిన పెద్ద వయసు రైతును వెంట తీసుకెళ్లండి. అలుగు దగ్గర మొదలుపెట్టి, కట్ట మీదుగా తూము దాకా వచ్చి, అక్కడి నుంచి నీళ్లు పోయే వైపే నడవాలి. ఎక్కడ కల్వర్టు ఉంది, దాని నోట్లో ఎంత చెత్త ఇరుక్కుంది, ఎవరి ప్రహరీ గోడ కాలువలోకి జరిగింది అనేవన్నీ రాసుకోండి. ప్రహరీల సంగతి రాసుకోవాలే తప్ప అక్కడే నిలబడి తీర్పు చెప్పకూడదు. ఊరి తగాదాలో మీరు పార్టీ అయితే రెండోసారి ఎవరూ తలుపు తీయరు.

తరువాత ఇళ్లలోకి వెళ్లాలి. వరద ఎత్తును అంకెల్లో అడిగితే జవాబు రాదు. ఒక ఇంట్లో మా విద్యార్థిని, "అవ్వా, నీళ్లు ఎందాక వచ్చినయి?" అని అడిగితే, ఆ ముసలామె లేచి గోడలోని దీపం గూడు మీద అరచెయ్యి పెట్టి, "గీ గూటి దాకొచ్చినయి బిడ్డా" అన్నది. అదే మీకు కావలసిన కొలత. ఫోన్ చూపించే ఎత్తులో మీటర్ల తేడా ఉంటుంది గనుక వీధిలో మురికి కాలువ వాలుకు అది పనికిరాదు. మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు తీసుకుని, లోపల గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను గూడు అంచు దగ్గర, మరో కొసను వీధిలో కర్రకు కట్టిన టేపు దగ్గర పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. పాతదాని మీదే మళ్లీ మళ్లీ వేసిన సీసీ రోడ్డు ఇంటి గడప కన్నా ఎంత పైకి లేచిందో అప్పుడు తేలుతుంది. నేను చూసిన చాలా వీధుల్లో నీళ్లు ఇళ్లలోకి రావడానికి కారణం వాగు కన్నా ఆ రోడ్డే.

లెక్కను ఊరివాళ్ల కొలతల్లోనే చెప్పండి. ఎకరం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 4 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 80. కాలువకు ఎగువన 50 ఎకరాల పరీవాహకం ఉండి, గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన కురిసి, అందులో 60 శాతం పారిందనుకుంటే సెకనుకు సుమారు 1,700 లీటర్లు కల్వర్టు దగ్గరికి వస్తాయి. 600 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక పైపు, నీళ్లు సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో పోయినా, దాదాపు 420 లీటర్లకు మించి మోయలేదు. అక్కడ ఒకే పైపు వేసి ఉంటే మిగతా నీళ్లు ఎటు పోతాయో గ్రామసభలో మీరు వివరించనక్కరలేదు.

అన్ని ముంపులూ ఒకటి కావు. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి ప్రాంతాలు మునిగినట్టు నది పొంగితే ఎగువ నుంచి వచ్చే కబురుతో కొన్ని గంటల వ్యవధి దొరకవచ్చు. 2022 జూలైలో మహబూబ్‌నగర్ సమీపంలో రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లలో స్కూల్ బస్సు చిక్కుకున్నప్పటిలాంటి చోట్ల మాత్రం నిమిషాలే ఉంటాయి. మొదటి రకానికి ఎత్తైన బడిని, దానికి చేరే దారిని గుర్తించాలి. రెండో రకానికి దారికి అడ్డగొలుసు, నీటి మట్టపు గీత, నీళ్లు ఆ గీతను చేరగానే గొలుసు వేసే బాధ్యత గల మనిషి కావాలి.

మర్రిగూడ, మునుగోడు వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఇంకొక పని ఉంది. మిషన్ భగీరథ పైపు వరదలో తెగితే జనం మళ్లీ పాత బోరుకే వెళ్తారు. కాబట్టి ప్రతి బోరు నీటినీ పరీక్షకు పంపి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినవాటిని పటం మీద ఎర్ర చుక్కతో గుర్తించండి. ఆపదలో తాగగలిగే బోర్లు ఏవో ముందే తెలియాలి. ఎండ సంగతికి వస్తే, రేకుల ఇళ్లకు తెల్ల పూత, బస్టాపు దగ్గర వేపచెట్టు చవకైన పనులు. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానాన్ని కూడా ప్రస్తావించవచ్చు.

కొత్త కట్టడాలు సూచించేటప్పుడు చెరువు పూర్తి నీటి మట్టం దగ్గర జాగ్రత్త అవసరం. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి.

పటం తెలుగులోనే ఉండాలి. మా మొదటి పటాన్ని ఇంగ్లిష్‌లో, ఖరీదైన కాగితం మీద అచ్చువేసి ఇచ్చాము. ఏడాది తరువాత వెళ్తే అది చుట్టిన రబ్బరు బ్యాండుతో సహా పంచాయతీ బీరువా మీదే ఉంది. తప్పు మాదే. అందులో బొడ్రాయి లేదు, పోచమ్మ గుడి లేదు, ఊరివాళ్లు గుర్తుపట్టే ఒక్క చోటూ లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి గనుక ఆ తేదీని కార్యదర్శిని అడిగి, వలస వెళ్లిన కుటుంబాలు పండుగకు ఊళ్లో ఉండే రోజులకు దగ్గరగా చూసుకోండి. మరుసటి ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కసరత్తు సాధారణంగా అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. ఆ తేదీకి ముందే మీ పనుల జాబితా, ఒక్కోదానికి కొలతలు, అంచనా ఖర్చుతో సర్పంచ్ చేతికి అందాలి.

పటం ఇచ్చిన తరువాత వచ్చే మొదటి పెద్ద వానకు మళ్లీ వెళ్లి, నీళ్లు మీరు గీసిన గీతను దాటిన చోట ఆ గీతను చెరిపి, తడి గోడ మీద కనిపించిన ఎత్తుకు తిరిగి గీయండి.