మైన్‌క్రాఫ్ట్‌లో ఇసుక తవ్వకానికి బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

బ్లాకులతో నిండిన ప్రపంచంలో తవ్వుతూ, కడుతూ ఆడే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్. అది ఆడేవారు వజ్రాల కోసం గుహలోకి దిగేటప్పుడు కవచం, తిండి, టార్చ్‌లు అన్నీ సరిచూసుకుంటారు గానీ, ఇసుకకు వెళ్ళేటప్పుడు మాత్రం పెరట్లోకి వెళ్ళివచ్చినట్టు ఉత్త చేతులతో బయలుదేరతారు. ఒట్టి చేత్తో కొట్టినా ముప్పావు సెకనులో ఊడివచ్చే బ్లాకుకు ఇంత హడావిడి ఎందుకని అనిపించడం సహజమే. అయితే గాజు పైకప్పుకో, సముద్రం అడుగున ఉన్న మాన్యుమెంట్ అనే పెద్ద కట్టడాన్ని చుట్టూ గోడ కట్టి ఎండగట్టడానికో వేల సంఖ్యలో ఇసుక కావలసి వచ్చినప్పుడు గంటల తరబడి ఎడారిలోనో నీటి అడుగునో గడపవలసి వస్తుంది. ఆ గంటల్లో జరిగే నష్టాలలో ఎక్కువ భాగం ఒక్క కారణం నుంచే పుడతాయి: ఇసుక కింద ఏముందో, దానిని ఏది ఆపుతోందో చూడకుండా పార వేయడం.

ఈ ఆటలో రాయి, మట్టి, చెక్క వంటివి కింద ఆధారం తీసేసినా గాలిలో అలాగే నిలిచి ఉంటాయి. ఇసుక, ఎర్ర ఇసుక, కంకర వంటి కొన్ని మాత్రం కింద ఖాళీ ఏర్పడగానే పడిపోతాయి. గోదావరి తిన్నెల మీద ఆడుకున్నవారికి గుట్ట అడుగున తవ్వితే ఇసుక పక్కలకు జారుతుందని తెలుసు. ఇక్కడ అలా జారదు, నిట్టనిలువుగా మాత్రమే దిగుతుంది. అందువల్ల పక్కనున్న ఇసుక గోడ ఎంత ఎత్తున ఉన్నా భయం లేదు, సరిగ్గా నెత్తిమీదున్న వరుసతోనే ప్రమాదం. ఇంకొక విచిత్రం ఏమిటంటే, ప్రపంచం తయారయ్యేటప్పుడే గాలిలో నిలిచిపోయిన ఇసుక, దానిని ఆనుకుని ఉన్న ఏదో ఒక బ్లాక్ మారేవరకు కదలదు. అటువంటి ఇసుక గుహ కప్పులో ఉన్నచోట ఒక్క బ్లాక్ కొట్టగానే, ఆ కదలిక పక్కపక్కకు పాకి కప్పంతా ఒక్కసారిగా కూలవచ్చు. ఎడారి పైన నిలబడి తవ్వేవారికైతే కాళ్ళ కిందనున్న నేలే గుహలోకి దిగిపోవచ్చు. దీనికి ఆట ఒక చిన్న సూచన ఇస్తుంది. గాలిలో నిలిచిన ఇసుక అడుగు నుంచి అదే రంగులో సన్నని ధూళి అప్పుడప్పుడు రాలుతూ ఉంటుంది. గుహలో అటువంటి ధూళి కనిపించిన చోట తల పైకెత్తి చూడకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు.

పడుతున్న ఇసుక తగిలినందువల్ల దెబ్బ తగలదు, అది ఆన్విల్ (కమ్మరి దాగలి) పడినట్టు కాదు. ఊపిరాడకపోవడమే అసలు ప్రమాదం. ఇరుకైన గోతిలో ఒక్క ఇసుక బ్లాక్ పడితే పాదాలు మాత్రమే కూరుకుంటాయి. దానిపైన రెండోది పడితే తల మునుగుతుంది. అప్పటినుంచి ప్రతి అరసెకనుకు అరగుండె చొప్పున ప్రాణం తగ్గుతుంది. పది గుండెలు నిండుగా ఉన్నవారికి కూడా దాదాపు పది సెకన్ల సమయమే ఉంటుంది, కవచం ఏమాత్రం కాపాడదు. అలాంటప్పుడు కంగారుపడి గెంతడం వలన ఉపయోగం లేదు. కళ్ళ ఎదుట ఉన్న బ్లాకును పారతో కొట్టాలి, పైనుంచి మరొకటి దిగితే దానినీ కొట్టాలి, పక్కకు దారి ఉంటే ముందు ఆ దారిని తెరుచుకుని బయటపడాలి. ఇసుక ఉన్న ప్రాంతంలో తవ్వుతున్నంతసేపూ చేతిలో పార ఉండాలని చెప్పేది ఇందుకే. తలకు సరిగ్గా పైనున్న బ్లాకును కొట్టకపోవడం, కాళ్ళ కిందనున్న బ్లాకును కొట్టకపోవడం అనే రెండు పాత నియమాలు ఇసుక విషయంలో రెండింతలు వర్తిస్తాయి.

బయలుదేరే ముందు లెక్క వేసుకోవడం మంచిది. ఇసుక ఒక గడిలో 64 చొప్పున పడుతుంది (దీనినే ఒక స్టాక్ అంటారు), మన సంచిలో 36 గడులు ఉంటాయి, అంటే ఒక్క పనిముట్టు కూడా లేకుండా వెళ్ళినా ఒక విడతలో ఆ గడుల్లో 2,304 బ్లాకులకు మించి పట్టవు. రాతి పార 131 బ్లాకులకు, ఇనుప పార 250 బ్లాకులకు, వజ్రపు పార 1,561 బ్లాకులకు అరుగుతాయి. ఇనుప పార ఒకటి నాలుగు స్టాక్‌లకు ఆరు బ్లాకులు తక్కువగా మాత్రమే పనిచేస్తుంది కాబట్టి, పెద్ద పనికి ఒక్క ఇనుప పారతో వెళ్ళడం అర్ధాంతరంగా తిరిగిరావడానికే. ఎడారిలో చెట్లు దొరకవు. అక్కడికక్కడ పారలు, పెట్టెలు చేసుకోవడానికి చాలినంత కలప, వస్తువులు తయారుచేసే బల్ల అయిన క్రాఫ్టింగ్ టేబుల్ ఒకటి వెంట తీసుకుపోవాలి. రెండు పెట్టెలు పక్కపక్కన పెడితే ఏర్పడే పెద్ద పెట్టెలో 3,456 బ్లాకులు పడతాయి. తవ్వే చోటనే దానిని పెట్టి, నాలుగైదు స్టాక్‌లు పోగైనప్పుడల్లా అందులో వేస్తూ ఉండాలి. చనిపోతే చేతిలోనివన్నీ నేలపాలవుతాయి, మనం ఆ దగ్గరికి వచ్చిన తరువాత ఐదు నిమిషాల్లో అవి మాయమవుతాయి; పెట్టెలోని సరుకు మాత్రం చెక్కుచెదరదు. ఈ ఆటకున్న రెండు రూపాలలో, జావా ఎడిషన్‌లో ఎఫ్3 నొక్కితే కనిపించే అంకెలను, బెడ్‌రాక్ ఎడిషన్‌లో సెట్టింగులలో తెరిచిపెట్టుకునే స్థానాంకాలను ఒక కాగితం మీద రాసుకోవడం చిన్న పనే. ఎటు చూసినా ఒకేలా ఉండే ఎడారిలో పెట్టె ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం అంతకంటే చాలా పెద్ద పని.

ఎడారిలో పగటిపూట క్షేమమనే నమ్మకాన్ని ఇంటి దగ్గరే వదిలిపెట్టాలి. మామూలు జాంబీలు ఎండకు కాలిపోతాయి, కానీ ఎడారిలో పుట్టే హస్క్‌లు అనే జాంబీలు కాలవు. రాత్రి పుట్టిన హస్క్‌లు తెల్లవారాక కూడా తిరుగుతూనే ఉంటాయి, వాటి దెబ్బ తగిలితే ఆకలి వేగంగా పెరుగుతుంది. ఎడారిలో తినడానికి కుందేళ్ళు తప్ప మరేమీ దొరకడం కష్టం కాబట్టి రొట్టెలో, వండిన మాంసమో ఒక స్టాక్ దగ్గర పెట్టుకోవాలి. ఆటలో పూర్తి రోజు 20 నిమిషాలు, అందులో పగలు దాదాపు 10 నిమిషాలే. తవ్వకంలో మునిగినవారికి ఆ పది నిమిషాలు తెలియకుండానే గడిచిపోతాయి. సూర్యుడు వాలడం మొదలుకాగానే పని ఆపి పడక వేసుకోవాలి.

రాత్రి తలదాచుకునే విషయంలో కొత్తవారు చేసే పొరపాటు ఒకటి ఉంది, నేను కూడా అదే చేశాను. చీకటి పడుతుండగా మూడు బ్లాకుల లోతు గొయ్యి తవ్వి అందులో దిగి, పైన మూయడానికి చేతిలో ఉన్న ఇసుకనే పెట్టాను. అది నిలవదన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. మొదటి బ్లాక్ పాదాల మీద, తొందరలో పెట్టిన రెండోది తల మీద పడ్డాయి. ఇసుక గోడకు పనికివస్తుంది గానీ కప్పుకు పనికిరాదు. కప్పు కోసం పది పదిహేను మట్టి బ్లాకులో, చెక్క బ్లాకులో విడిగా దాచుకోవాలి. అవి కూడా లేకపోతే నాలుగు ఇసుక బ్లాకులతో ఒక ఇసుకరాయి తయారవుతుంది. దానికి క్రాఫ్టింగ్ టేబుల్ కూడా అక్కరలేదు, మన సంచిలోనే ఉండే నాలుగు తయారీ గడులే చాలు, ఇసుకరాయి గాలిలో నిలబడుతుంది. అయితే దానిని మళ్ళీ తీసి దాచుకోవాలంటే రాళ్ళు తవ్వే పనిముట్టు పికాక్స్ ఉండాలి.

తవ్వకాన్ని ఒకే చోట బావిలా దింపకుండా, పై పొర మొత్తం తీసిన తరువాతే కింది పొరకు దిగాలి. ఇలా చేస్తే ఇసుక అంతా వరుసగా వస్తుంది, ఇసుకరాయి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది, గుహ నోరు ఎదురైనా ముందుగానే కనిపిస్తుంది. నాగజెముడు ఉన్న చోట ముందు ఆ మొక్కను తీసి ఆ తరువాత ఇసుక తీయాలి, ఎందుకంటే నేలపై పడిన వస్తువు దేనినైనా నాగజెముడు తాకితే అది నశించిపోతుంది; మన ఇసుకకు కూడా అదే గతి. పిరమిడ్ దగ్గర తవ్వుతుంటే మరింత నిదానం కావాలి. దాని నడిబొడ్డున, నేల కింద లోతైన గోతిలో, నాలుగు పెట్టెల మధ్య కాలు పడితే పనిచేసే ఒక రాతి ప్రెజర్ ప్లేట్, దాని కింద తొమ్మిది టీఎన్‌టీ బ్లాకులు ఉంటాయి. నేల తవ్వి నేరుగా మధ్యలోకి దూకినవారికి పెట్టెలూ మిగలవు, ప్రాణమూ మిగలదు. మూలగా గోడ వెంట మెట్లు చేసుకుంటూ దిగి, ముందుగా ఆ ప్లేట్‌ను తీసేయాలి. 2023 జూన్‌లో వచ్చిన 1.20 వెర్షన్ నుంచి పిరమిడ్లలో, ఎడారి బావుల అడుగున సస్పిషియస్ శాండ్ అనే మరో రకం కూడా ఉంటోంది. చూడడానికి మామూలు ఇసుకకు కొంచెం గరుకైన రూపంలా ఉంటుంది, లోపల పాత వస్తువు ఏదో దాగి ఉంటుంది. దానిని పారతో కొట్టినా, కింది బ్లాక్ తీసి పడేలా చేసినా లోపలి వస్తువుతో సహా పోతుంది. ఈక, రాగి కడ్డీ, పుల్ల కలిపి చేసే బ్రష్‌తో మాత్రమే దానిని తుడవాలి.

ఇంటికి దగ్గరనే కారణంతో సముద్రతీరపు ఇసుకను తోడేవారు తాబేళ్ళను గుర్తుంచుకోవాలి. తాబేలు తాను పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుంది, ఆ గుడ్లు ఇసుక మీద తప్ప పొదగవు. నీటి అడుగున తవ్వడం నా దృష్టిలో గతిలేనప్పుడు చేసే పని. ఊపిరి 15 సెకన్లే నిలుస్తుంది, ఆక్వా అఫినిటీ అనే మంత్రశక్తి ఉన్న శిరస్త్రాణం లేకపోతే తవ్వకం ఐదు రెట్లు నెమ్మదిస్తుంది, కాళ్ళు నేలకు ఆనకుండా ఈదుతూ తవ్వితే ఇంకో ఐదు రెట్లు నెమ్మదిస్తుంది. వీటికి తోడు డ్రౌన్డ్‌లు అనే నీటి జాంబీలు, వాటిలో కొన్నింటి చేతిలో త్రిశూలాలు.

నిలువుగా పేర్చిన ఇసుకను తిరిగి తీయడానికి మాత్రం ఒక చక్కని ఉపాయం ఉంది. స్తంభం అడుగు బ్లాకును తీసి, పైవి దిగేలోపు ఆ స్థానంలో ఒక టార్చ్ పెడితే, దిగివచ్చే ప్రతి ఇసుక బ్లాక్ టార్చ్‌కు తగిలి వస్తువుగా రాలిపోతుంది. పార అరగదు, శ్రమ ఉండదు. ఇదే గుణం మరొక చోట నష్టం చేస్తుంది. సగం బ్లాకుల మీద, టార్చ్‌ల మీద పైనుంచి ఇసుక పడేస్తూ గోడ కట్టబోతే అది నిలవకుండా రాలుతూనే ఉంటుంది. కాబట్టి గోడ కట్టే చోట నేల పూర్తి బ్లాకులతో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మాన్యుమెంట్‌ను ఎండగట్టే పనికి లెక్క మరీ ముఖ్యం. దాని అడుగు భాగం 58 బ్లాకుల చదరం. నీరు 24 బ్లాకుల లోతు ఉందనుకుంటే ఒక్క వైపు గోడకే 1,392 బ్లాకులు, అంటే దాదాపు 22 స్టాక్‌లు కావాలి. నాలుగు వైపులా కలిపితే 5,500 దాటుతుంది, లోపలి అడ్డుగోడలు దీనికి అదనం. ముందుగా అక్కడ కాపలా ఉండే మూడు ఎల్డర్ గార్డియన్లు అనే జీవులను చంపకుండా ఈ పని మొదలుపెట్టకూడదు, ఎందుకంటే అవి కలిగించే మైనింగ్ ఫటీగ్ అనే నీరసం వలన తవ్వకం దాదాపు నిలిచిపోతుంది. గోడను నీటిమట్టం వరకే ఆపకుండా ఒకటి రెండు బ్లాకులు పైకి లేపాలి. లోపల పనిచేస్తూ పొరపాటున గోడ అడుగున ఒక్క బ్లాక్ తీస్తే అడుగున కన్నం పడదు, పై వరుస మొత్తం ఒక మెట్టు దిగి అంతరం మూసుకుపోతుంది. కానీ నీటిమట్టానికి సరిగ్గా కట్టిన గోడలో ఆ మెట్టు మేర పైన గండి పడి, సముద్రం అక్కడినుంచి లోపలికి దూకుతుంది. అదనంగా వేసిన వరుసలు ఈ ఒక్క పొరపాటుకు కట్టే బీమా వంటివి.

తెచ్చిన ఇసుకను వాడేటప్పుడు తొందరపడి మొత్తాన్నీ ఫర్నేస్‌లో (కొలిమిలో) కాల్చి గాజు చేయకూడదు. గాజును తిరిగి ఇసుక చేయలేం, ఇసుకరాయిని కూడా అంతే. పెట్టిన గాజును సిల్క్ టచ్ అనే మంత్రశక్తి లేని పనిముట్టుతో తీస్తే అది పగిలి ఏమీ మిగలదు. ఆరు గాజు బ్లాకులతో 16 పలకలు వస్తాయి కనుక కిటికీలకు పలకలే వాడితే ఇసుక బాగా ఆదా అవుతుంది. ఎర్ర ఇసుకను కాల్చినా వచ్చేది మామూలు గాజే. ఎర్ర ఇసుకరాయి కావలసినవారు దానిని కాల్చకుండా విడిగా ఉంచుకోవాలి. ఒక బొగ్గు ఎనిమిది బ్లాకులను కాలుస్తుంది, ఒక్కొక్క దానికి 10 సెకన్లు పడుతుంది, ఒక స్టాక్ ఒకే ఫర్నేస్‌లో కాలడానికి 10 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. ఎనిమిది ఫర్నేస్‌లు పక్కపక్కన పెట్టి ఒక్కొక్క దానిలో ఎనిమిది ఇసుక, ఒక బొగ్గు వేస్తే అదే స్టాక్ 80 సెకన్లలో అయిపోతుంది. టీఎన్‌టీ చేసే ఉద్దేశం ఉంటే ఒక్కొక్క దానికి నాలుగు ఇసుక, ఐదు తుపాకిమందు లెక్కన ముందే పక్కన పెట్టుకోవాలి. తోడిన చోట ఇసుక మళ్ళీ పుట్టదు; సంచార వ్యాపారి తారసపడి, అతని దగ్గర ఇసుక ఉంటే, ఒక పచ్చకు ఎనిమిది చొప్పున కొనుక్కోవచ్చు గానీ, 22 స్టాక్‌ల గోడకు ఆ లెక్కన 176 పచ్చలు అవుతాయి.