నెట్ స్లోనా, ల్యాప్‌టాప్ స్లోనా? షాపుకు పోయే ముందు ఇవి చూడండి

ల్యాప్‌టాప్ పట్టుకుని కడప ఏడు రోడ్ల వైపు బయల్దేరే ముందు ఓ పది నిమిషాలు ఆగండి. మనం "సిస్టమ్ స్లో" అంటాం, షాపు వాళ్లు ర్యామ్ వేయమంటారు, నెట్ వాళ్లు ప్లాన్ పెంచమంటారు, తేడా ఎక్కడుందో మాత్రం ఎవరూ చూడరు.

ముందు నెట్. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అక్కడ మీ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరవండి. నెట్‌వర్క్ బ్యాండ్ (వైఫై సిగ్నల్ రకం, మామూలుగా 2.4, 5 అని రెండు) దగ్గర 2.4 గిగాహెర్ట్జ్, లింక్ స్పీడ్ దగ్గర 72 ఎంబీపీఎస్ అని కనిపిస్తే సగం దొంగ దొరికినట్టే. ఆ 72 మీ ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న వేగం, బయటి నెట్‌ది కాదు. అందులోనూ చేతికొచ్చేది సుమారు సగమే, కాబట్టి 100 ప్లాన్‌ను 200 చేసినా మీకు దక్కేది అంతే, డబ్బులు దండగ.

5 గిగాహెర్ట్జ్‌లో వేగం బాగుంటుంది గానీ గోడలు దాటేసరికి బాగా తగ్గిపోతుంది. మన పాత రాతి మిద్దెల్లో రౌటర్ ముందు గదిలో, మీరు వెనక గదిలో ఉంటే 2.4 మీదే ఆధారపడాలి, లేదా రౌటర్‌నే జరపాలి. రౌటర్‌లో 5 ఆన్‌లో ఉండి, పక్కనే కూర్చున్నా కనపడకపోతే మీ వైఫై కార్డుకు అది రాకపోయి ఉండొచ్చు. అలాగైతే రెండు బ్యాండ్లూ పట్టే డ్యుయల్ బ్యాండ్ యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకోండి, దానికోసం కొత్త ల్యాప్‌టాప్ ఎందుకు!

ఇంకోటి, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 ఎంబీ ఫైల్ దిగదు. ప్లాన్ లెక్క మెగాబిట్లలో, ఫైల్ లెక్క మెగాబైట్లలో, 8 బిట్లు కలిస్తే ఒక బైట్. అందుకే 8తో భాగిస్తే 12.5 ఎంబీ, అదీ అన్నీ బాగుంటేనే.

నెట్ లేకుండా కూడా ఈడుస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి. మెమరీ ఎప్పుడూ 90 శాతం దగ్గరుంటే ర్యామ్ చాలట్లేదు. మెమరీ ఖాళీగానే ఉండి డిస్క్ 100 చూపిస్తుంటే, అదీ పాత హార్డ్ డిస్కైతే, దాని బదులు తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, ఎస్ఎస్‌డీ వేయించండి, తేడా మీకే తెలుస్తుంది. మన ఎండల్లో పరుపు మీద పెట్టి వాడితే గాలి ఆడక ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, దానికి ఏ పార్టూ కొనక్కర్లేదు.

ఎస్ఎస్‌డీ కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ నంబర్ చెప్పి, దానికి సరిపడేది ఏ రకం, శాటానా, ఎన్‌వీఎంఈనా అని అడగండి. ఎం.2 అనే చిన్న పట్టీ ఆకారంలో రెండు రకాలూ ఉంటాయి, స్లాట్‌లో బిగుస్తుంది గానీ పని చేయకపోవచ్చు.