పేరు చూడకుండా ఫ్యాషన్ హౌస్‌ను గుర్తుపట్టడం ఎలా?

మన సోలాపూర్‌లో నవీ పేఠ్ వైపు వెళ్తే గూచీ బెల్టు, లూయీ విట్టన్ పర్సు తోపుడు బండి మీదే దొరుకుతాయి. అవి అసలువి కావని కొనేవాళ్లకూ తెలుసు. ఆ పేర్లు ఫ్యాషన్ హౌస్‌లవి, అంటే సొంత డిజైన్లతో ఖరీదైన బట్టలు, బ్యాగులు చేసే కంపెనీలవి; వాటికి అంత విలువ ఎందుకొచ్చిందో మాత్రం చాలామందికి తెలియదు. సోలాపూర్ తెలుగువాళ్లకు ఇది పెద్ద కష్టమేం కాదు. చద్దరు చేతికిస్తే లేబుల్ కంటే ముందు తిరగేసి నేత చూసే ఊరు మనది. ఇక్కడా ఆ చూపే కావాలి.

ముందుగా లోగోను వేలితో మూసేయండి. ఇంకేం మిగిలిందో చూడండి. గూచీ అయితే ఆకుపచ్చ-ఎరుపు-ఆకుపచ్చ పట్టీ, 1947 నాటి వెదురు పిడి, 1953లో బూట్ల మీదికెక్కిన గుర్రపు కళ్లెం ఇనుము కనిపిస్తాయి. షనెల్ బ్యాగుకు బొంతలాంటి గళ్ల కుట్టు, గొలుసు పట్టీ ఉంటాయి. ఏమీ మిగలకపోతే మీరు డబ్బు పెట్టేది పేరుకే.

తర్వాత ఆ హౌస్ మొదట అమ్మిన సరుకేమిటో వెతకండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఎర్మెస్ 1837లో పారిస్‌లో గుర్రాల జీను, పట్టీల కార్ఖానాగా మొదలైంది. జీను కుట్టే పద్ధతే తర్వాత బ్యాగులకూ వచ్చింది: ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు, ఒకే రంధ్రంలోంచి అటూ ఇటూ దూరతాయి. మైనం పట్టించిన దారం ఒకచోట తెగినా మిగతా కుట్టు ఊడదు. మిషన్ కుట్టు అలా కాదు, ఒక దారం తెగితే వరసగా వదులైపోతుంది. బ్యాగు చేతికొస్తే ముందు కుట్టు చూడమనేది అందుకే.

లూయీ విట్టన్ కథ పెట్టెలతో మొదలవుతుంది. హౌస్ 1854లో వెలిసింది. అప్పటి ప్రయాణపు పెట్టెలకు వాన నీళ్లు జారిపోయేలా గుండ్రటి మూతలుండేవి. లూయీ 1858లో మూత చదును చేసి, గుడ్డ తొడిగి, ఒకదాని మీద ఒకటి పేర్చుకునే వీలు కల్పించాడు. నకళ్లు వెంటనే పడ్డాయి. వాటిని ఆపడానికి 1888లో గళ్ల డిజైను, 1896లో కొడుకు జార్జ్ చేతిలో ఎల్‌వీ అక్షరాల డిజైను పుట్టాయి. నకళ్లను ఆపడానికి వేసిన ఆ డిజైనే ఇవాళ మన తోపుడు బండి మీద కుప్పలుగా పడి ఉంది!

మూడోది, వంశవృక్షం గీయండి. స్థాపించినవాళ్లు పోయాక ఏది నిలిచింది, ఏది మారింది? షనెల్ 1910లో టోపీల దుకాణంగా మొదలైంది. 1955 ఫిబ్రవరిలో వచ్చిన బ్యాగుకు ఆ నెల, ఆ ఏడే పేరయ్యాయి: 2.55. గొలుసు భుజానికి తగిలిస్తే ఆడవాళ్లకు చేతులు ఖాళీ అవుతాయి, అదీ దాని ఉపయోగం. అందరికీ తెలిసిన రెండు ‘సి’ల తాళం దానికి మొదట లేదు, 1983లో వచ్చిన డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ హయాంలో చేరింది. డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తన పేరిట హౌస్ నడిపింది పదేళ్లే. 1947 ఫిబ్రవరిలో తొలి ప్రదర్శన, 1957లో మరణం. అయినా ఆ సన్నటి నడుము, కింద విచ్చుకున్న గౌను ప్రతి కొత్త డిజైనరూ మళ్లీ ఎత్తుకునేవే.

చివరగా కాగితం మీద రెండు వరుసలు గీయండి: ఇంట్లో పుట్టినవి, బయటి నుంచి తెచ్చుకున్నవి. ఈ పని చాలామంది చేయరు. 2023 మార్చి 30న డియోర్ ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ప్రదర్శన పెట్టి, అక్కడి చాణక్య వర్క్‌షాప్ ఎంబ్రాయిడరీని పేరు పెట్టి చూపించింది. ప్రాడా విషయంలో 2025 జూన్‌లో గొడవే అయింది. ఇటలీలోని మిలాన్ ప్రదర్శనలో మోడళ్లకు తొడిగిన చెప్పులు అచ్చం కొల్హాపురివి, మొదట మాత్రం తోలు శాండల్ అని ఊరుకున్నారు. విమర్శలు వచ్చాక భారతీయ చేతిపనే స్ఫూర్తి అని ఒప్పుకున్నారు. 2019లో కొల్హాపురి చెప్పులకు జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు దక్కిన ఎనిమిది జిల్లాల్లో మన సోలాపూర్ కూడా ఉంది, కాబట్టి ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. ప్రాడాది 1913 నాటి మిలాన్ తోలు దుకాణం. 1980ల్లో నైలాన్ బ్యాగుతో తనదైన ముద్ర వేసుకుంది. కాబట్టి నైలాన్‌ను మొదటి వరుసలో రాయండి, చెప్పును రెండో వరుసలో.