యాక్షన్ ఫిగర్ కీళ్లు విరగకుండా ఫొటో తీయడం

సేకరించేవారు 1/12 స్కేల్ (అసలు పరిమాణంలో పన్నెండో వంతు) అని పిలిచే, సుమారు 15 సెంటీమీటర్ల యాక్షన్ ఫిగర్‌ను, అంటే కీళ్లు కదిలే బొమ్మను, పెట్టెలోంచి తీయగానే భంగిమలోకి తిప్పేయాలని అనిపిస్తుంది గానీ, కీళ్ల సందుల్లో రంగు ఆరి అతుక్కుని ఉండే అవకాశం ఉన్నందువల్ల ముందుగా ప్రతి కీలునూ కొద్దికొద్దిగా కదిపి చూడాలి. కదలని కీలును బలవంతం చేయకూడదు. హెయిర్ డ్రయర్ గాలి కాసేపు తగిలిస్తే, లేదా బట్టతో కుట్టిన దుస్తులూ విద్యుత్ దీపాలూ లేని బొమ్మయితే ఆ భాగాన్ని వేడినీళ్లలో కొద్దిసేపు ఉంచితే, బొమ్మ తయారైన పీవీసీ ప్లాస్టిక్ మెత్తబడి పట్టు వదులుతుంది. అయితే వేడెక్కిన సన్నని పిన్ను మెలితిరిగి తెగిపోయే ప్రమాదమూ ఉంది కాబట్టి, చేతినో కాలినో చివర పట్టుకుని తిప్పకుండా, కీలుకు ఇరువైపులా దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా కదపాలి. బండాయ్ సంస్థ ఎస్.హెచ్. ఫిగ్యూఆర్ట్స్ వరుసలోని చాలా బొమ్మలకు తుంటి కీలును కొద్దిగా కిందికి లాగిన తరువాతే కాలు పూర్తిగా పైకి లేస్తుంది. ఇది తెలియక కాలును నేరుగా ఎత్తితే తుంటి దగ్గర రంగు గీసుకుపోతుంది.

భంగిమను పాదాల నుంచి మొదలుపెట్టడం మేలు. నడుము ఒకవైపు తిరిగితే భుజాలు కాస్త రెండోవైపు తిరగాలి, చూపు కదలిక సాగే దిక్కున ఉండాలి. ఎగిరే భంగిమకు నడుమును పట్టుకునే పారదర్శకమైన స్టాండు వాడి, కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచి, బొమ్మతో ఒకసారి, బొమ్మా స్టాండూ లేకుండా ఒకసారి ఫొటో తీసుకుంటే, తరువాత రెండింటినీ కలిపి స్టాండును చెరిపివేయవచ్చు. నిప్పు కావాలనిపించినా నిజమైన మంటను బొమ్మ దగ్గరికి తేవద్దు. దూది వెనుక నారింజ రంగు ఎల్‌ఈడీ పెడితే సరిపోతుంది.

కెమెరా బొమ్మ కంటి ఎత్తులో గానీ, అంతకంటే కింద గానీ ఉండాలి, ఎందుకంటే పైనుంచి తీసిన క్షణమే అది బల్లమీది బొమ్మగా కనిపిస్తుంది. దగ్గరనుంచి తీసేటప్పుడు ఫోకస్‌లో ఉండే లోతు చాలా తగ్గిపోతుంది. ముక్కు స్పష్టంగా ఉండి చెవి మసకబారితే బొమ్మ చిన్నదని కన్ను వెంటనే పసిగడుతుంది కనుక లెన్సు రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచడం మంచిది. ఫోనుతో తీసేవారు కొంచెం వెనక్కి జరిగి టెలిఫొటో లెన్సు వాడితే ముఖం సాగినట్లు రాదు. ప్లాస్టిక్ మీద మెరుపు మచ్చలు పడకుండా కిటికీ వెలుగుకు బటర్ పేపర్ అడ్డుపెట్టి, వెలుగు తిరిగి బొమ్మ మీద పడేలా రెండోవైపు తెల్లని థర్మాకోల్ ముక్క నిలబెట్టాలి.

ఆరుబయట తీసినప్పుడు ఇసుక రేణువు కీలులో చేరితే అది రంగును గీకేస్తుంది కాబట్టి, కీళ్లను తిప్పకముందే మెత్తని బ్రష్షుతో దులపాలి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు కొన్ని ప్లాస్టిక్‌లను పాడుచేస్తుంది, అందువల్ల అది రాసుకున్న చేతులను కడుక్కున్నాకే బొమ్మను ముట్టుకోవాలి. ఎండ తగిలే చోట వదిలేస్తే తెల్లని భాగాలు పసుపెక్కుతాయి, మన వేసవి వేడికి చీలమండల దగ్గర మెత్తబడి బొమ్మ ఒకవైపు వాలిపోతుంది. హాట్ టాయ్స్ తయారుచేసే 1/6 స్కేల్ బొమ్మల్లాగా కృత్రిమ తోలు దుస్తులున్నవాటి మోచేతులనూ మోకాళ్లనూ, ముడతల దగ్గర తోలు పగలకుండా, ఫొటో పూర్తయిన వెంటనే తిన్నగా చాపి ఉంచాలి.